దోమక్క మెత్తగా మాట్లాడిన వారం

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. అందరికీ ఆమె దోమక్కే. ఆ పేరు పెట్టింది జ్వరంతో వచ్చిన ఓ పిల్ల. సూది గుచ్చి, రక్తం తీసి, దూది నొక్కి పెట్టాక కూడా ఆ పిల్ల, "ఎప్పుడు గుచ్చుతావు? ఇందాక దోమ కుట్టింది, దాన్ని ముందు కొట్టు" అందట. అంతే, పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు సాయంత్రానికల్లా ఆ పేరు అన్ని అంతస్తులూ ఎక్కి దిగింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. "దోమకీ నాకూ ఒక్కటే తేడా. దానికి జీతం లేదు, నాకుంది" అని తనే నవ్వేది.

రక్తం తీయడం చూసినవాళ్ళకి సులువుగానే కనిపిస్తుంది. ఏ పనైనా పక్కన నిలబడి చూసేవాడికి సులువే మరి. చేతికి రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూయమని, నరం ఎక్కడుందో కంటితో కాక వేలికొసతో వెతకాలి. మనిషి భయపడితే నరం కూడా దాక్కుంటుంది. అందుకే దోమక్క ముందు మనిషిని మాటల్లో పెట్టేది. చెప్పొద్దూ, ఆ నోరు ఆమెకి పుట్టుకతో వచ్చింది. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారే, ఆమెకి రెండూ ఉన్నాయి. పొద్దున్నే పళ్ళెంలో గొట్టాలు సర్దుకుని బయలుదేరితే, వార్డు చివర కిటికీ దగ్గరకి చేరేలోగా అందరికీ తలో చురకా అంటించి వచ్చేది.

ఆమె ఎక్కువగా తిరిగేది పక్షవాతం వార్డులో. ఆ వార్డుని చూసే పెద్ద డాక్టరమ్మ కొన్నేళ్ళుగా ఒక పరిశోధన చేయిస్తోంది. మెదడులో రక్తం ఆగిపోయి అక్కడి కణాలు దెబ్బతింటే, వాటిలోంచి కొన్ని పదార్థాలు కారి రక్తంలో కలుస్తాయట. చేతిలోంచి తీసిన చెంచాడు రక్తంలో వాటిని కొలిస్తే వచ్చింది పక్షవాతమా కాదా, దెబ్బ చిన్నదా పెద్దదా, మనిషి మళ్ళీ ఏమాత్రం కోలుకుంటాడు అన్నది ముందే అంచనా వేయగలమా అన్నదే ఆ పరిశోధన. స్కానింగు ఎలాగూ ఉంది, వైద్యం దాన్నిబట్టే సాగుతుంది. ఈ రక్తం లెక్క మాత్రం ఇంకా పరీక్షలోనే ఉంది కాబట్టి రోగికీ చెప్పకూడదు, ఇంటివాళ్ళకీ చెప్పకూడదు.

ఆ లెక్క తేల్చేది కింద ల్యాబులో ఉండే తిరగలి బాబాయి. రక్తం గొట్టాలని గిరగిరా తిప్పి తేటని వేరుచేసే యంత్రం ఆయన చేతిలో ఉంటుంది గనక తిరగలి అయ్యాడు. మహా చిరాకు మనిషి. ఆయనకో కుర్చీ ఉంది, దానిమీద కూతురు కుట్టిచ్చిన మెత్త. ఆ కుర్చీలో పెద్ద డాక్టరమ్మ కూర్చోబోయినా, "అక్కడ బల్ల ఉందండీ" అని చూపించిన ఘనుడు. దోమక్క ఇరవయ్యేళ్ళుగా ఆ గదిలోకి వెళ్తోంది, ఆ కుర్చీ అంచు మీద చెయ్యి కూడా ఆనించింది లేదు.

లెక్క ఎంత వచ్చిందో బాబాయి ఎన్నడూ చెప్పలేదు. ఆ విషయంలో ఆయన నిప్పు. కానీ మొహానికి తాళం వేయడం ఎవరి తరం? "ఎలా ఉంది బాబాయ్ ఆ మూల మంచం ఆయనది?" అని అడిగితే, బాగుంటే "నీకెందుకు, పో, పని చూసుకో" అని కసిరేవాడు. బాగా లేకపోతే కసిరేవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. దోమక్కకి అది చాలు.

ఇక్కడే ఓ చిక్కుంది. అది ఆమెకి తెలిసి చేసింది కాదు. కోలుకుంటాడనుకున్న మనిషి దగ్గరికి వెళ్తే ఆమె నోరు ఊరుకునేది కాదు. "ఏం పెద్దాయనా, పడుకుని పడుకుని పరుపు నీ ఆకారంలోకి వచ్చేసింది, ఇక లేస్తావా లేక దానికి అద్దె కడతావా?" అనేది. బాబాయి కళ్ళజోడు తుడుచుకున్న మనిషి దగ్గర మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోయేది. దుప్పటి సర్దేది, "నొప్పిగా ఉందా నాయనా" అనేది. వార్డు వాళ్ళు మనుషులు కదా, కొన్నాళ్ళకి కనిపెట్టేశారు. దోమక్క వెక్కిరించిందంటే గండం గడిచినట్టే, దోమక్క మెత్తబడిందంటే మాత్రం గుండె దిటవు చేసుకోవాలి. ఆమె తిట్టు కోసం ఎదురుచూసే ఇల్లాళ్ళుండేవారంటే నమ్మండి.

ఈ సంగతి బయటివాళ్ళకంటే బాగా తెలిసినవాడు ఆమె భర్త. ఆయన దర్జీ. ఆసుపత్రి వీధి మలుపులో, వాచీలు బాగుచేసే కొట్టు పక్కన చిన్న కొట్టు. కోట్లు కుట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆ ఇద్దరి కాపురం అంతా ఎత్తిపొడుపుల మీదే నడిచింది. ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన అడిగే మొదటి మాట, "ఇవాళ ఎవరితో మెత్తగా మాట్లాడావే?" అనే. "ఎవరితోనూ లేదు" అంటే, "అయితే మంచి రోజే" అనేవాడు. ఎవరి గురించైనా చెబితే లేచి వెళ్ళి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు. "నాతో ఎప్పుడూ మెత్తగా మాట్లాడవేం?" అని ఓసారి అడిగితే, "మీకేం ఖర్మ, దుక్కలా ఉన్నారు" అంది.

అలాంటి మనిషి ఒక పొద్దున మిషను మీద నుంచి పక్కకి ఒరిగిపోయాడు. వాచీ కొట్టు ఆయన చూసి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాడు. స్కానింగు అయింది, మెదడుకెళ్ళే నరంలో రక్తపు గడ్డ అడ్డుపడిందని తేలింది, మందు ఎక్కించారు. దోమక్కకి ఇవేవీ తెలియవు. పై అంతస్తులో ఉంది. "కొత్త మంచం వచ్చింది, పరిశోధన రక్తం తీయాలి" అని కబురొస్తే పళ్ళెం పట్టుకుని దిగింది. తెర పక్కకి లాగింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతూ, కుడి చెయ్యి ఎవరో పరాయివాడు మరిచిపోయినట్టు పక్కన పడి ఉండగా, ఆమె భర్త ఆమెకేసి చూస్తున్నాడు. నోరు కదిపాడు. మాట రాలేదు.

నర్సమ్మ "నేను తీస్తానక్కా" అంది. దోమక్క వినలేదు. పట్టీ కట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె వేలికి నరం అందలేదు. అందాక, ఆయనకి నొప్పెట్టకూడదని చంటిపిల్లలకి వాడే సన్నసూది తీసింది. త్వరగా కానిచ్చేద్దామని గట్టిగా లాగింది.

గొట్టం కిందికి పట్టుకెళ్తే బాబాయి దాన్ని తిప్పి, వెలుతురుకి ఎత్తి చూశాడు. తేట ఎండుగడ్డి రంగులో ఉండాలి. గులాబీ రంగులో ఉంది. సన్నసూదిలోంచి బలవంతంగా లాగితే ఎర్రకణాలు చితికిపోతాయి, వాటిలోని సరుకంతా తేటలో కలిసి లెక్క తప్పుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠమే ఇది.

"ఎవరు తీశారిది? కళ్ళు ఎక్కడ పెట్టుకుని..." అని మొదలెట్టి, ఆమె మొహం చూసి ఆగాడు.

"నేనే బాబాయ్. మా ఆయనది."

ఆయన గొట్టాన్ని పక్కన పెట్టాడు. "ఇది పనికిరాదమ్మా. మళ్ళీ తీసుకురా. రోజూ వాడే సూదితోనే తియ్యి" అన్నాడు.

మళ్ళీ తీసింది. ఈసారి సరిగ్గానే వచ్చింది. దూది నొక్కుతూ, "నొప్పెట్టిందాండీ? కాసేపు పడుకోండి, నేనిక్కడే ఉంటాను" అంది. ఆ గొంతు విని దర్జీ కళ్ళు మూసుకున్నాడు. నిద్రొచ్చిందనుకుందామె.

ఆ రోజు నుంచి మొదలైంది. దోమక్క భర్తకి నోట్లో నీళ్ళు పోసేటప్పుడు గుక్కగుక్కకీ ఆగేది. తల దువ్వేది. వాళ్ళ కూతురు వచ్చి కూర్చుంటే, "నాన్నని అలసిపోనివ్వకు" అని గుసగుసగా చెప్పేది. పాపం, ప్రేమ పొంగుకొచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడు, అదే చేసింది. ఆయన మాత్రం రోజురోజుకీ గోడవైపు తిరిగిపోతున్నాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే పంతులమ్మ రబ్బరు బంతి కుడిచేతిలో పెట్టి నొక్కమంటే, నొక్కే ప్రయత్నం కూడా చేయడు. బంతి దొర్లి మంచం కిందికి పోతుంది.

"చెయ్యి పూర్తిగా చచ్చుబడలేదక్కా. వేళ్ళలో కాస్త కదలిక ఉంది. ఇప్పుడు పట్టుబట్టి చేస్తేనే తిరిగొస్తుంది, ఈ రోజులు పోతే మళ్ళీ రావు. ఆయనేమో మనసు పెట్టడం లేదు" అంది పంతులమ్మ.

దోమక్కకి దిక్కు తోచలేదు. దర్జీకి చెయ్యి లేకపోతే ఇంకేముంది? బతిమాలింది. ఎంత బతిమాలితే ఆయన అంత ముడుచుకుపోయాడు.

ఆ ముడి విప్పింది పక్క మంచం పెద్దావిడ. భర్తకి తోడుగా ఉంటోంది, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. దోమక్కని తలుపు దగ్గర ఆపి, చెయ్యి పట్టుకుని, "నువ్వు మీ ఆయనతోనే అంత మెత్తగా మాట్లాడుతుంటే మా ప్రాణాలు ఉసూరుమంటున్నాయమ్మా. అంత బాగాలేదా?" అని కళ్ళు తుడుచుకుంది.

దోమక్క నిలుచున్నచోటే నిలబడిపోయింది. ఇవాళ ఎవరితో మెత్తగా మాట్లాడావే అని రోజూ అడిగిన మనిషి ఆయన. మొదటి రోజు కళ్ళు మూసుకున్నది నిద్రకి కాదు. తన చావు కబురు పెళ్ళాం గొంతులో విన్నాడు. విని, ఇక బంతి ఎందుకు, నొక్కడం ఎందుకు అనుకున్నాడు. నిజానికి అప్పటికి ఆమెకి లెక్కే తెలియదు. భయంతో అడగనే లేదు.

సరే, వెక్కిరిస్తే పోలా? అక్కడే ఉంది తంటా. ఆమె అబద్ధం ఆడితే ఆయన ఇట్టే పట్టేస్తాడు. పాతికేళ్ళ కాపురంలో ఒక్కటంటే ఒక్కటి దాటించలేకపోయింది. లెక్క బాగుందని తెలిస్తే చాలు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని ఆమె కిందికి దిగింది. మెట్టుమెట్టుకీ, కసరాలి, బాబాయి నన్ను కసరాలి అనుకుంటూ వెళ్ళింది.

తలుపు తోసేసరికి బాబాయి కుర్చీలో ఉన్నాడు. ఆమెని చూశాడు. కసరలేదు. కళ్ళజోడు కూడా తీయలేదు. మెల్లగా లేచి నిలబడి, కుర్చీ మీది మెత్త చేత్తో దులిపి, ఆమె వైపు తిప్పాడు.

"కూర్చో అమ్మా. ఏమైనా తిన్నావా?" అన్నాడు.

దోమక్క కూర్చుంది. మెత్త నిజంగానే మెత్తగా ఉంది. బాబాయి తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు, ఆమె తాగింది. యంత్రం తిరిగి తిరిగి ఆగింది. ఆమె లేచి మొహం కడుక్కుని పైకి వెళ్ళింది. ఏడుపొస్తే ఏడవచ్చు, తప్పేం లేదు, కానీ ఏడిచిన కళ్ళతో ఆయన ముందుకి వెళ్ళకూడదు.

మంచం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. "ఏం దొరగారూ, సెలవులు బాగున్నాయా? ఇంకెన్నాళ్ళు ఈ మర్యాదలు?" అంది. మాటలు పాతవే. గొంతు మాత్రం అరువు తెచ్చుకున్నదిలా ఉంది. దర్జీ ఇటు తిరిగి, ఆమె కళ్ళలోకి ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నాకు తెలుసులే అన్నట్టు చూసి, ఎడమచేత్తో ఆమె చెయ్యి నిమిరి, మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.

దేవుడు ఎవరి రూపంలో వస్తాడో తెలియదంటారు. ఆ సాయంత్రం బ్యాండు మాస్టారి రూపంలో వచ్చాడు. బాకా ఊదే మనిషి, గొంతు కూడా బాకానే. ఆయన కోటు దర్జీ దగ్గర సగంలో ఆగిపోయింది, ఒక చెయ్యి కుట్టి ఉంది, రెండోది లేదు. పరామర్శకి వచ్చాడు, పళ్ళు తెచ్చాడు, అంతవరకూ బాగానే ఉంది.

"కోటుకేం తొందర లేదు టైలరు మాస్టారూ, ముందు మీరు కోలుకోండి" అని, దోమక్కకేసి తిరిగి, "అయినా నేను ముందురోజే అన్నానమ్మా. కొలత తీస్తూ రెండుసార్లు కత్తెర జారవిడిచారు. చెయ్యి తిమ్మిరెక్కింది, మాట కూడా కాస్త ముద్దగా వస్తోందన్నారు, కాసేపటికి సర్దుకుంది లెండి. ఆసుపత్రి పక్కనే కదా వెళ్ళండంటే, ఊరుకోండి, మా ఆవిడకి చెప్పారంటే చంపేస్తుంది అని నవ్వేశారు" అన్నాడు.

దోమక్క చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని బల్లమీద పెట్టింది. పెట్టిన చప్పుడికి పక్క మంచం పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"ముందురోజా?" అంది. "ముందురోజే చెయ్యి తిమ్మిరెక్కిందా? మాట ముద్దగా వచ్చిందా? పక్షవాతం వార్డులో పని చేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని, రాత్రి నా ఎదురుగా కూర్చుని అన్నం తిని, ఇవాళ ఎవరితో మెత్తగా మాట్లాడావే అని నన్నడిగారే, ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా? బ్యాండాయనకి చెప్పారు. బ్యాండాయన కోటుకి చెప్పారు. కట్టుకున్నదానికి చెప్పడానికి కత్తెర అడ్డొచ్చిందా? దీపం కింద చీకటంటే మనిల్లే. చెప్పుంటే ఆ రోజే చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చేదాన్ని. పడుకున్నారుగా ఇప్పుడు, గోడ చూసుకుంటూ. గోడకి కొలతలు తీస్తున్నారా? కోటు కుడుతున్నారా దానికి? మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఆమె ఆగలేదు. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో పంటినొప్పి దాచిన సంగతి తీసింది. మెట్లమీద జారిపడి గుమ్మం తగిలిందని చెప్పిన సంగతి తీసింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, ఆపాలో వద్దో తెలియక అక్కడే నిలబడింది. బ్యాండు మాస్టారు పళ్ళ సంచీ వెనక దాక్కున్నంత పనిచేశాడు.

అందరికంటే ముందు పక్క మంచం పెద్దావిడ నవ్వింది. "హమ్మయ్య. తిట్టింది. దోమక్క తిట్టింది" అని భర్తకి చెప్పింది. ఆ మంచం నుంచి ఈ మంచానికి ఆ మాట పాకింది.

దర్జీ ఇటు తిరిగి చూస్తున్నాడు. భార్య మొహాన్ని, కోపంతో అదిరే ఆ పెదవుల్ని వెతికి వెతికి చూశాడు. ఎక్కడా అబద్ధం దొరకలేదు. దొరకడానికి ఉంటేగా. ఆయన నోరు ఒక పక్కకే వంగి నవ్వింది. తరవాత ఎడమచెయ్యి చాపి, మంచం కిందికి చూపించాడు. బంతి అక్కడుంది. దోమక్క తిడుతూనే వంగి, దాన్ని తీసి, ఆయన కుడి అరచేతిలో కుక్కింది. చూపుడు వేలు ఒక్కటి ముడుచుకుంది. మిగతావి రాలేదు. ఆయన మొహమంతా చెమట పట్టేదాకా ఆ ఒక్క వేలితోనే మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

ఆ తరవాత కథలో మహిమలేవీ లేవు. నెలల తరబడి చాకిరీ ఉంది. కుంటుతూ నడవడం వచ్చింది. మాటలు ఒక్కొక్కటే, తప్పిపోయిన గొర్రెల్లా వెనక్కి వచ్చాయి. కొన్ని రానేలేదు. కుడిచెయ్యి కత్తెర పట్టేంత కాలేదు గానీ, మిషను కింద గుడ్డని అదిమి నడిపించేంత అయింది. కత్తిరించడం ఎడమచేత్తో నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి పరీక్షకి వెళ్తే పెద్ద డాక్టరమ్మ చేతులూ కాళ్ళూ కదిపి చూసి, రాసుకుని, "మా లెక్కకి ఇంకా చాలా నేర్పాలి" అని తనలో తను అనుకున్నట్టు అంది. పరిశోధన ఆగలేదు. ఆగకూడదు కూడా. ఎక్కువ మంది విషయంలో ఆ లెక్క సరిగ్గానే చెబుతోంది. దోమక్క ఇప్పటికీ గొట్టాలు కిందికి పట్టుకెళ్తుంది. కానీ ఎలా ఉందని బాబాయిని అడగడం మానేసింది. అందరినీ ఒక్కలాగే వెక్కిరిస్తోంది. వార్డు వాళ్ళు ఇప్పుడు ఆమె గొంతులో ఏమీ కనిపెట్టలేక తలలు పట్టుకుంటున్నారు.

ఓ మధ్యాహ్నం ఆమె కొట్లో కూర్చుని గుండీలు కుడుతోంది. ఆయన బ్యాండు మాస్టారి కోటుకి రెండో చెయ్యి అతుకుతున్నాడు. మిషను ఆపాడు.

"నా లెక్క... బాగుందిగా?" అన్నాడు. "అందుకేగా... తిట్టావు."

దోమక్క దారం కొరికి తెంపింది. చెబుదామా మానుదామా అని ఆలోచించింది. ఎలాగూ పట్టేస్తాడు.

"బాబాయి నాకు కుర్చీ వేశాడు" అంది.

ఆ కుర్చీ సంగతి ఆయనకి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా ఆ కథలు వింటూనే ఉన్నాడు. గుడ్డ మీద పెట్టిన కుడిచేతికేసి చాలాసేపు చూశాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మరి... ఆ తిట్లు?"

"అవి నిజమైనవే."

ఆయన తల ఊపాడు. కళ్ళు తుడుచుకోవడానికి మొదట కుడిచెయ్యే లేచింది. సగం దాకా లేచి ఆగిపోతే, మిగతా పని ఎడమచెయ్యి పూర్తిచేసింది.

"ఇంకా... ఉన్నాయా?"

"బోలెడు" అంది దోమక్క. "ముందు ఆ చంక కింద కుట్టు విప్పండి. వంకరగా పోయింది."